చెరువు గట్టు పాకలో గ్యాస్ పొయ్యి
రాత్రి భీమవరం పక్కన మా బాబాయి రొయ్యల చెరువు దగ్గరికి వెళ్లాను. పుష్యమాసం చలి. కాపలా అబ్బాయి పాక చుట్టూ టార్పాలిన్ బిగించేసి, లోపల చిన్న సిలిండర్ మీద పొయ్యి వెలిగించుకుని చలి కాచుకుంటున్నాడు. మంట నీలంగా లేదు, పసుపుగా ఆడుతోంది. గిన్నె అడుగంతా మసి. గాలి చాలట్లేదన్నమాట. కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుట్టేది అలాంటప్పుడే. దానికి రంగూ వాసనా ఉండవు, తలనొప్పి, మగత, అంతే. గ్యాస్ లీకైతే నయం, కావాలనే వాసన కలుపుతారు కాబట్టి తెలుస్తుంది. కానీ ఎల్‌పీజీ గాలికన్నా బరువు. నేలబారున చేరుతుంది, సరిగ్గా వాడు చాప వేసుకునే చోటే! పొయ్యి ఆర్పించి, సిలిండర్ బయట పెట్టించి, టార్పాలిన్ రెండు వైపులా ఎత్తి కట్టించాను. "దోమలండి బాబూ" అన్నాడు. అదీ నిజమే. దోమతెర కొంటానన్నాడు బాబాయి, రొయ్య రేటు పెరిగాకట.