ఇరవై ఇళ్లు, ఒక ఇంకుడు గుంత

హైదరాబాదులోని మా అపార్ట్‌మెంటులో ఉన్నవి 20 ఫ్లాట్లే అయినా, గత వేసవిలో బోరు ఎండిపోయి ట్యాంకర్లు తెప్పించుకోవలసి వచ్చినప్పుడు పెట్టుకున్న సమావేశం, ఎవరు ఎక్కువ నీళ్లు వాడుతున్నారన్న తగవుతోనే ముగిసింది. అందులో నా తప్పూ ఉంది. లిఫ్టు పక్కన "నీటి సమస్యపై చర్చ" అని నోటీసు అంటించింది నేనే. అది చూసినవారందరూ ఫిర్యాదులు సిద్ధం చేసుకునే వచ్చారు.

ఈసారి నోటీసులో ఇంకుడు గుంత సంగతి మాత్రమే రాశాను: వానలు మొదలయ్యేలోగా తవ్విద్దామా, ఎక్కడ, ఖర్చు ఎలా పంచుకుందాం? ఆదివారం ఉదయం వంట వదిలి రాలేమని ఆడవారు అప్పుడే చెప్పి ఉన్నందున వేళను సాయంత్రం అయిదు గంటలకు మార్చి, సెల్లారులో కుర్చీలను గుండ్రంగా వేయించాను. ముందురోజే ఒక చిన్న లెక్క ఇంటింటికీ అందజేశాను. వంద చదరపు మీటర్ల డాబా మీద ఒక మిల్లీమీటరు వాన పడితే వంద లీటర్ల నీళ్లవుతాయి. మా డాబా సుమారు 370 చదరపు మీటర్లు కనుక, 20 మిల్లీమీటర్ల వాన కురిస్తే దాదాపు 7,400 లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకరు ఒకటిన్నర, మురుగుకాలువ పాలవుతున్నాయన్నమాట.

మాటలు మొదలుపెడితే ఆపడం కష్టమైన రిటైర్డ్ ఇంజనీరు గారికి, గుంతలో అడుగున పెద్ద రాళ్లు, వాటిపైన కంకర, ఆపైన ఇసుక ఎందుకు పోస్తారో పది నిమిషాల్లో వివరించే పని ముందుగానే అప్పగించాను. ఆయన తొమ్మిది నిమిషాల్లో ముగించారు!

రోజూ వాల్వులు తిప్పే వాచ్‌మన్‌ను పిలవాలని మొదటిసారి మాలో ఎవరికీ తోచలేదు. ఈసారి అతనికీ కుర్చీ వేసి, స్థలం సంగతి రాగానే ముందుగా అతన్నే అడిగాను. కాసేపు తటపటాయించి, "ఆ మూల వద్దు సార్, డ్రైనేజీ చాంబరు పక్కకే ఉంది, గట్టి వానొస్తే మురుగు పైకొస్తది" అన్నాడు. కమిటీ అంతకుముందే ఖాయం చేసిన మూల అదే. గుంత గేటు వైపుకు మారడానికి అయిదు నిమిషాలు కూడా పట్టలేదు.

ఖర్చు దగ్గర మాత్రం చర్చ నిలిచిపోయింది. ఫ్లాటుకు సమానంగానా, చదరపు అడుగుల లెక్కనా అన్నది తేలకముందే, రేపు ఖాళీ చేసి వెళ్లిపోయే తాము ఎందుకు ఇవ్వాలని అద్దెకున్నవారు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. దాన్ని మినిట్స్ పుస్తకంలో వారి మాటల్లోనే రాసి, ఆ పేజీని యజమానులందరికీ వాట్సాప్‌లో పంపాను. వారిలో ముగ్గురు అమెరికాలో ఉన్నారు. వారి జవాబు రాగానే మళ్లీ కుర్చీలు వేయించాలి.