గాలం తీగలో మట్టి కలిపితే: ఐదో వారం

ఐదు వారాలకి చేతికొచ్చినవి మూడు ఫిల్ములు, అంటే పల్చటి నైలాన్ రేకులు. అందులో ఒకటి చెత్తబుట్టకే.

నైలాన్‌లో మట్టి కలిపి వేడికి వంగకుండా చేయాలన్న ఈ పిచ్చికి మూలం 1980లలో జపాన్‌లో టయోటా పరిశోధకులు చేసిన పని. మాంట్‌మొరిల్లోనైట్ అనే బంకమట్టిని నానోమీటరు మందం పొరలుగా విప్పి, 5 శాతం లోపే నైలాన్ 6లో కలిపారు. బరువు పెడితే 65 డిగ్రీల దగ్గరే వంగే నైలాన్ 150 దాకా తట్టుకుంది. వాళ్లు నైలాన్ 6 ముడిసరుకైన కాప్రోలాక్టమ్‌ని ఆ పొరల మధ్యే పాలిమర్‌గా మార్చారు. అది ఇంట్లో అయ్యే పని కాదు. నాది దొడ్డిదారి: తయారైన నైలాన్‌ని కరిగించి, మట్టి కలిపి, ఆరబెట్టడం.

నైలాన్ అంటే ఉప్పాడలో కొన్న గాలం తీగే. 2 గ్రాములు ముక్కలు చేసి 85 శాతం ఫార్మిక్ యాసిడ్ 20 మి.లీ.లో వేస్తే తెల్లారేసరికి పల్చటి పాకం. కరగకపోతే అది నైలాన్ కాదు, తిరిగిచ్చేయండి. ఈ యాసిడ్ ఒంటి మీద పడితే బొబ్బలే. గ్లవ్స్, కళ్లద్దాలు పెట్టుకుని డాబా మీదే చేస్తున్నా. అమ్మ వడియాలు పక్కింటి డాబాకి మారాయి.

మొదటి ఫిల్ము వాన రోజున పోశా. పాలమీగడలా తెల్లబడి పొడిపొడి అయింది. యాసిడ్ ఆరేలోగా గాలిలో తేమ పీల్చి నైలాన్‌ని ముందే విడగొట్టేసింది. తర్వాత నుంచి గాజు పళ్లెం మీద మూత వారగా పెట్టి, 50 డిగ్రీల హాట్ ప్లేట్ మీద ఆరబెడుతున్నా. ఆరాక నీళ్లలో కడిగి, పాత ఓవెన్‌లో 80 డిగ్రీల దగ్గర రాత్రంతా.

మట్టి 3 శాతం, అంటే 0.06 గ్రాము. బంగారం కాటా మీద అంత తక్కువ తూకం నమ్మలేం. అందుకని 0.30 గ్రాములు 50 మి.లీ. యాసిడ్‌లో కలిపి, బాగా కదిపి, 10 మి.లీ. తీసుకున్నా. నైలాన్ మిగతా 10లో కరిగింది. మామూలు బెంటోనైట్ బంకమట్టి కాదు, రంగుల్లో వాడే ఆర్గానోక్లే, అంటే పొరలకి సేంద్రియ రసాయనం పట్టించిన మట్టి. కళ్లజోళ్లు కడిగే అల్ట్రాసోనిక్ డబ్బాలో అరగంట ఉంచా.

ఇక వేడి పరీక్ష. 5 మి.మీ. వెడల్పు పట్టీ, 30 మి.మీ. బయటికి ఉండేలా బిగించి, కొసకి అర గ్రాము జెమ్ క్లిప్. 100 డిగ్రీల దగ్గర ఉత్త నైలాన్ 15 మి.మీ. వంగింది, మట్టి కలిపింది 9. ఎగిరి గంతేశా. తర్వాత మందం కొలిచే స్క్రూగేజ్ పెడితే మట్టి పట్టీ 0.30 మి.మీ., ఉత్తది 0.28! వంగడం మందం ఘనాన్ని బట్టి మారుతుంది కాబట్టి ఆ తేడాకే 15 కాస్తా 12కి దిగాలి. మట్టి ఘనత మిగిలిన 3 మి.మీ.

పైగా ఉత్త ఫిల్ముని వారం బయట వదిలేస్తే 2.00 గ్రాములు 2.09 అయింది, మామూలు గదిలోనే మెత్తగా వేలాడింది. తేమ కూడా నైలాన్‌ని మెత్తబరుస్తుంది. ఇప్పుడు రెండు ఫిల్ములూ సిలికా జెల్ వేసిన హార్లిక్స్ సీసాలో ఉన్నాయి. ఒకే మందంలో జత పోసేదాకా కొత్త కొలతలు లేవు.