దసరాకు ఇంట్లో ఉన్న ఏడాది

చీరల దుకాణంలో పనిచేసేవాళ్ల క్యాలెండరు వేరు. ఆషాఢంలో తగ్గింపు ధరలు, శ్రావణంలో వరలక్ష్మీవ్రతం, పెళ్లి ముహూర్తాలు, ఆ వెంటనే దసరా, దీపావళి, కాస్త ఊపిరి తిరిగేలోగా సంక్రాంతి. ఊరంతా పండుగ చేసుకునే రోజుల్లోనే మాకు వారపు సెలవు రద్దవుతుంది. మూఢం వచ్చి ముహూర్తాలు లేనప్పుడు అడిగితే సెలవు ఇస్తారు. కానీ అప్పుడు పిల్లకు కాలేజీ ఉంటుంది, మా ఆయనకు ఆటో ఉంటుంది. విజయవాడలోనే పుట్టాను, అమ్మవారి కొండకు కూతవేటు దూరంలో కాపురం. అయినా పద్నాలుగేళ్లలో నవరాత్రుల ఒక్క అలంకారం కూడా చూడలేదు. మూలా నక్షత్రం రోజు అమ్మవారు సరస్వతిగా దర్శనమిస్తుంటే, నేను కౌంటరు మీద ఉప్పాడ చీరలు విప్పుతూ ఉండేదాన్ని.

2022 ఆషాఢంలో దగ్గు మొదలైంది. కొత్త సరుకు పెట్టెలు విప్పినప్పుడు గంజి వాసన, నూలు దుమ్ము మాకు మామూలే కనుక దాన్ని పట్టించుకోలేదు. కరోనా పరీక్ష చేయించుకున్నాను. కాదని తేలగానే ఇంట్లోనూ షాపులోనూ అందరం హాయిగా ఊపిరి పీల్చుకున్నాం. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే ఆ ఊరటే నన్ను ఆరు వారాలు మోసం చేసింది. వీధి చివర డాక్టరు రెండుసార్లు దగ్గు మందు రాసిచ్చారు. సాయంత్రమయ్యేసరికి వెచ్చబడేది. రాత్రి జాకెట్టు తడిసిపోయేంత చెమట పట్టేది. కొత్తపేట కొండ మీద మా ఇంటికి డెబ్బై మెట్లున్నాయి. ఎప్పుడూ కూరగాయల సంచితో ఒక్క ఊపులో ఎక్కేదాన్ని, ఆ శ్రావణంలో మూడుచోట్ల ఆగాల్సి వచ్చింది. రవికలన్నీ వదులయ్యాయి. సన్నబడ్డావని తోటివాళ్లు మెచ్చుకుంటే సంతోషించాను కూడా.

సెలవు పెట్టలేదు. వరలక్ష్మీవ్రతానికి ముందు రోజుల్లో సెలవు పెడితే నెలంతా కష్టపడి సంపాదించుకున్న కమీషను పోతుంది. ఆ రోజుల్లో ఒక్కొక్కరికి నలభై చీరలు చూపించి, వాళ్లు ఒకటి తీసుకుని వెళ్లాక మిగిలిన ముప్పై తొమ్మిదీ మడత చెడకుండా మళ్లీ పెట్టాలి. ఆ పనంతా నిలబడే. ఒక మధ్యాహ్నం ధర్మవరం పట్టుచీర పరిచి అంచు చూపిస్తుండగా దగ్గు తెర వచ్చింది. నోటికి అడ్డం పెట్టుకున్న చేతిరుమాలులో ఎర్రటి చార కనిపించింది. ఎదుట కూర్చున్న పెద్దావిడ చీర పక్కకు జరిపి, "అమ్మాయ్, ముందు నువ్వు ఆసుపత్రికి వెళ్లు. చీర ఎక్కడికీ పోదు" అంది. ఆమె ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. రోజూ దీపం పెట్టేటప్పుడు ఆమెను ఒకసారి తలచుకుంటాను.

ప్రభుత్వ ఆసుపత్రిలో రెండు డబ్బాల్లో కఫం తీసుకున్నారు, ఎక్స్‌రే తీశారు. ట్రూనాట్ యంత్రంలో క్షయ అని తేలింది. క్షయకు వాడే ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కు లొంగే రకమే అని కూడా అదే యంత్రం చెప్పింది. చక్కెర పరీక్ష, హెచ్‌ఐవీ పరీక్ష చేశారు. క్షయ ఉన్న ప్రతి ఒక్కరికీ చేస్తారట. బరువు 44 కిలోలు. ఏడాది క్రితం 52. బరువును బట్టి మాత్రలు ఇస్తారు, నాకు రోజుకు మూడు. ఒక్కో మాత్రలో నాలుగు మందులు కలిసి ఉంటాయి. మొదటి 56 రోజులు అవి, ఆ తర్వాత 112 రోజులు మూడు మందులు కలిసిన మాత్రలు. మొత్తం 168 రోజులు. మాత్రలిచ్చిన సిస్టర్ ముందే హెచ్చరించింది: "మూత్రం నారింజ రంగులో వస్తుంది, భయపడకమ్మా. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా మాత్రం వెంటనే రా."

మా అమ్మ బందరు నుంచి వచ్చింది. గడపలోనే కూలబడి ఏడ్చింది. ఆమె చిన్నతనంలో క్షయ అంటే ఇల్లు విడిచి వెళ్లడమే. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలోనో, మంగళగిరిలోనో ఉన్న శానిటోరియానికి, అంటే క్షయ ఆసుపత్రికి, పంపేవారు. వెళ్లినవాళ్లు ఎప్పుడొస్తారో, అసలు వస్తారో రారో తెలిసేది కాదు. నన్ను కూడా ఎక్కడికో తీసుకుపోతారనుకుంది. సిస్టర్ ఆమెను కూర్చోబెట్టి చెప్పింది: 1950లలోనే మద్రాసులో ఒక పెద్ద పరిశోధన జరిగింది, ఇంట్లో ఉండి మందులు వాడినవాళ్లకూ శానిటోరియంలో ఉన్నవాళ్లలాగే నయమైంది, ఇంటివాళ్లకు అదనంగా ముప్పేమీ రాలేదు, ఆ తర్వాతే ప్రపంచమంతా ఇంట్లోనే ఉంచి మందులిచ్చే పద్ధతికి మారింది అని. అమ్మకు మద్రాసు అన్న మాట బాగా నచ్చింది. అక్కడ తేల్చారంటే నిజమే అయి ఉంటుందని నమ్మింది. మంగళగిరి శానిటోరియం ఉన్న చోటే ఇప్పుడు ఎయిమ్స్ ఉందని చెబితే కళ్లు తుడుచుకుంది.

మందు సరిగ్గా పడితే రెండు మూడు వారాల్లో ఇతరులకు అంటించే శక్తి బాగా తగ్గిపోతుందని చెప్పారు. ఆ మూడు వారాలు కిటికీ పక్క మంచం నాది. కంచం వేరు చేయనక్కర్లేదని డాక్టరు చెప్పినా వేరు చేసుకున్నది నేనే. మా పాపకు, ఆయనకు పరీక్షలు చేసి, జబ్బు లేదని తేల్చుకుని, రాకుండా ఉండేందుకు మాత్రలు ఇచ్చారు.

ఇక ఉద్యోగం. షాపులో విషయం చెప్పకుండా జ్వరమని ఒక వారం నెట్టుకొచ్చాను. కానీ నా పక్కన రోజూ భుజం రాసుకుంటూ నిలబడే ఆరుగురు ఉన్నారు. మధ్యాహ్నం గోదాములో తలుపేసుకుని, ఇరవై నిమిషాల్లో ఒకే చోట కూర్చుని తినేవాళ్లం. వాళ్లకు చెప్పకుండా ఉండటం తప్పనిపించి, నేనే ఒక్కొక్కరికీ ఫోను చేశాను. ఇద్దరు నా మీద కోపగించుకున్నారు. వాళ్ల కోపంలో తప్పులేదు. వాళ్లకూ ఇంట్లో చిన్నపిల్లలున్నారు. ఆరుగురినీ పరీక్షించారు, ఎవరికీ రాలేదు.

మేనేజరు మాత్రం పిలిపించి తెల్లకాగితం ముందు పెట్టాడు. "రాజీనామా రాసి ఇవ్వమ్మా. తగ్గాక మళ్లీ చేరుదువుగాని." గొంతులో దయ ఉంది. అందుకే నాకు ఎదురు చెప్పాలనిపించలేదు. పెన్ను తీసుకున్నాను కూడా. లెక్కలు చూసే అబ్బాయి ఏదో బిల్లు చూపించే నెపంతో లోపలికి వచ్చి, "అక్కా, ఒక్క నిమిషం ఇటు రండి" అని బయటికి పిలిచాడు. "సంతకం పెట్టకండి. మీకు ఈఎస్‌ఐ ఉంది" అన్నాడు.

ఈఎస్‌ఐ అనే ఉద్యోగుల బీమా కింద జీతంలోంచి ప్రతి నెలా 98 రూపాయలు కోతపడటం తెలుసు. నా 13,000లో 0.75 శాతం. షాపువాళ్లు తమవంతుగా 3.25 శాతం కడతారు. అది జలుబుకు మాత్రలిచ్చే కార్డు అనుకున్నాను అన్నేళ్లూ. ఆ అబ్బాయి చెప్పాకే తెలిసింది: జబ్బుతో పని చేయలేని రోజులకు జీతంలో 70 శాతం చొప్పున ఏడాదికి 91 రోజుల దాకా వస్తుంది. దానికి అంతకుముందు ఆరు నెలల చందా కాలంలో 78 రోజుల చందా పడి ఉండాలి. క్షయలాంటి దీర్ఘకాలిక జబ్బుల జాబితా ఒకటుంది. ఆ జాబితాలో ఉంటే 91 రోజులు దాటాక 80 శాతం చొప్పున మరింత కాలం ఇస్తారు. దానికి రెండేళ్ల ఎడతెగని ఉద్యోగం, ఆ రెండేళ్ల చందా కాలాల్లో కనీసం 156 రోజుల చందా కావాలి. 2021 మేలో కరోనా వల్ల షాపు మూసిన రోజులు గుర్తొచ్చి గుండె దడదడలాడింది. లెక్కేస్తే, అవి తీసేసినా చాలా మిగిలాయి. అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఆఖరున చెప్పాడు. అప్పటి ఈఎస్‌ఐ చట్టం 73వ సెక్షన్ ప్రకారం, ఆ భృతి తీసుకుంటున్న కాలంలో ఉద్యోగం నుంచి తీసేయకూడదు.

కాగితం ఖాళీగానే మేనేజరు బల్ల మీద పెట్టి వచ్చేశాను. షాపు నుంచి రావలసిన వివరాలు ఆలస్యమై మొదటి డబ్బు చేతికి రావడానికి సమయం పట్టింది. ఈలోగా నా గొలుసు తాకట్టుకు వెళ్లింది. తర్వాత నెలకు తొమ్మిది వేల పైచిలుకు ఖాతాలో పడసాగింది. క్షయ రోగుల పోషణకు కేంద్రం అప్పట్లో నెలకు ఇచ్చిన 500 రూపాయలు దానికి తోడు. గుడ్లు, పప్పు, వేరుశెనగ ఉండలు ఆ డబ్బుతోనే. ఎవరి దయా కాదు, నా జీతంలోంచి పద్నాలుగేళ్లు దాచుకున్నదే అన్న మాట నన్ను మంచం మీద తలెత్తుకుని కూర్చోబెట్టింది.

మొదటి నెల కడుపులో వికారం, మోకాళ్ల నొప్పులు. పరగడుపున మాత్రలు వేసుకుని గంటసేపు కదలకుండా పడుకునేదాన్ని. అయితే ఒంటి బాధ కన్నా కష్టమైంది ఖాళీ. పద్నాలుగేళ్లు నేను కోరుకున్నది సెలవే. అది వచ్చాక ఏం చేయాలో తెలియలేదు. పదింటికి షట్టరు ఎత్తే వేళకు నాకు తెలియకుండానే లేచి కూర్చునేదాన్ని. ఇంట్లో చీరలన్నీ తీసి మళ్లీ మడతలు పెట్టాను. మా పాప చూసి, "అమ్మా, అవి నిన్న కూడా మడతపెట్టావు" అంది. ఆ సాయంత్రం నా పక్కన కూర్చుని తన కెమిస్ట్రీ పుస్తకం చదివి వినిపించింది. ఇంటర్ మొదటి ఏడాది. దానికి ఏ పాఠం ఇష్టమో, ఎవరు స్నేహితులో నాకు అంతవరకు తెలియదు. రాత్రి తొమ్మిదిన్నరకు ఇల్లు చేరే తల్లికి ఎలా తెలుస్తుంది? తర్వాత రోజూ చదివింది. ఆ గంట కోసం మధ్యాహ్నం నుంచే ఎదురుచూసేదాన్ని.

ఆ ఏడు అక్టోబరు 5న విజయదశమి. జనంలోకి వెళ్లే శక్తి ఒంట్లో లేదు. మూలా నక్షత్రం రోజు మా మేడ మీదికెక్కి చాప వేసుకుని కూర్చున్నాను. ఇంద్రకీలాద్రి దీపాలు కనిపిస్తున్నాయి, మైకులో మంత్రాలు గాలి తిరిగినప్పుడల్లా వినిపిస్తున్నాయి. మా ఆయన ఆటో తొందరగా కట్టేసి, ప్రసాదం లడ్డూలు తెచ్చారు. దూరం నుంచే అయినా నా ఊరి పండుగను నేను చూశాను. ఎంత ఏడ్చానో.

దీపావళినాటికి 56 రోజులు పూర్తయ్యాయి. కఫంలో క్రిములు లేవు. దగ్గు పోయింది, జ్వరం లేదు, ఆకలి వేస్తోంది. సరిగ్గా అప్పుడు మేనేజరు నుంచి ఫోను: ముహూర్తాలు వస్తున్నాయి, పట్టు సెక్షన్‌కు అనుభవం ఉన్నవాళ్లు కావాలి, రాగలవా అని. నాకు ఎగిరి వెళ్లాలనిపించింది. మాత్రల డబ్బా చూస్తే విసుగొచ్చింది. బాగైన మనిషికి ఇంకా 112 రోజులు మందెందుకు అనిపించింది. ఈ జబ్బులో అన్నిటికన్నా ప్రమాదకరమైన రోజు అదేనని ఇప్పుడు గట్టిగా చెబుతాను. రక్తం పడిన రోజు భయం మనల్ని ఆసుపత్రికి నడిపిస్తుంది. బాగున్న రోజు ఎవరూ నడిపించరు.

ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇమ్మని ఈఎస్‌ఐ డాక్టరును అడిగాను. ఆయన బరువు చూశారు. 46. "మీ ఇంటికి మెట్లున్నాయన్నావు కదమ్మా, ఆగకుండా ఎక్కుతున్నావా?" అని అడిగారు. రెండుచోట్ల ఆగుతున్నానని చెప్పాను. "పది గంటలు నిలబడే ఉద్యోగం నీది. క్రిములు పోయాయంటే ఊపిరితిత్తి మానిందని కాదు. మందులు మధ్యలో ఆపినవాళ్లకు మళ్లీ వస్తే ఈ మాత్రలకు లొంగకపోవచ్చు." అంతకుమించి ఏమీ అనలేదు. సెలవు పొడిగిస్తూ ఇంకో సర్టిఫికెట్ రాసిచ్చారు. దాన్ని షాపులో ఇచ్చి వస్తుంటే, ఏళ్ల తరబడి పేరు తెచ్చుకున్న నా కౌంటరులో కొత్తమ్మాయి కంచి చీర విప్పుతోంది. పైటకొంగు తిప్పడం బాగా నేర్చుకుంది. చూడలేక మెట్లు దిగేశాను.

నవంబరు చివరికి 91 రోజులు నిండి, 80 శాతం మొదలైంది. సంక్రాంతికి బందరులో మా అమ్మ చేసిన అరిసెలు తిన్నాను. ఫిబ్రవరి 1న పనిలో చేరాను. బరువు 50. మాత్రలు ఇంకా పన్నెండు రోజులు మిగిలి ఉన్నాయి, వాటిని పొద్దున్నే వేసుకుని వెళ్లాను. పట్టు సెక్షన్ ఇవ్వలేదు, నూలు చీరలకు మార్చారు. కమీషను తక్కువ. బాధ కలిగింది, ఇప్పటికీ ఉంది. అయితే ఇక్కడ గోడ వారగా ఒక స్టూలు ఉంది. కొనేవాళ్లు లేనప్పుడు కూర్చుంటాను, ఎవరు చూసినా లేవను.

మార్చిలో పట్టు సెక్షన్ కొత్తమ్మాయి దగ్గడం విన్నాను. సరుకు దుమ్మట. ఎన్ని రోజులైందని అడిగితే, "మూడు వారాలు ఉంటుందక్కా, తగ్గిపోతుంది" అంది. ఆ మంగళవారం మా ఇద్దరికీ వారపు సెలవు. ఆమె వద్దంటున్నా వెంటబెట్టుకుని వెళ్లి కఫం పరీక్ష చేయించాను. క్షయ కాదన్నారు. ఆ పిల్లకు కాళ్లు తేలిపోయాయి, ఆసుపత్రి గోడ పట్టుకుని నిలబడింది. ఇంకా పన్నెండు కూడా కాలేదు. సెలవు రోజంతా మా ముందే ఉంది. ప్రకాశం బ్యారేజీ దాకా నడిచి, నీళ్లకెదురుగా కూర్చుని, చెరో మిరపకాయ బజ్జీ పొట్లం తిన్నాం. తన ఊరు అవనిగడ్డ దగ్గరని, కొంగు తిప్పడం తనకు నేర్పింది వాళ్ల అమ్మేనని చెప్పింది. వాళ్లమ్మ కూడా చీరల షాపులోనే పనిచేసేదట.