ఆటవెలదికి డ్రమ్స్ తోడైతే

అనంతపురంలో ఉండే మా మిత్రుడొకడు ఏ సంస్థ అండా లేకుండా తానే రాసి, బాణీ కట్టి, పాడిన పాప్‌రాక్ ఆల్బమ్‌ను ఈమధ్యే విడుదల చేశాడు. బాగా చదువుకున్నవాడి పాటలని మొదటి చరణంలోనే తెలిసిపోతుంది.

వేమన తిరిగిన సీమ కనుకనో ఏమో, ఒక పాటనైతే పూర్తిగా ఆ వేమన పద్యాల ఛందస్సైన ఆటవెలదిలోనే రాశాడు. సరిపాదాల్లోని ఐదు సూర్యగణాలూ మూడేసి మాత్రలవి కావడంతో డ్రమ్స్ తిశ్రగతిలో (మూడేసి లెక్కల నడకలో) సాఫీగా సాగిపోతాయి. బేసిపాదాల చివర నాలుగైదు మాత్రల ఇంద్రగణాలు రెండు వచ్చి ఆ లెక్కను చెదరగొట్టే చోట మాత్రం అతడు డ్రమ్స్‌ను ఆపి, గిటార్‌ను ఒంటరిగా మోగనిచ్చాడు. ఆల్బమ్ మొత్తంలో నాకు ఎక్కువగా నచ్చింది అదే. ప్రేమపాటలు రెండూ సాదాసీదాగా ఉన్నాయి (ఆ మాట అతడికీ చెప్పాను).

కళాకారులు తమ పాటలను ఆన్‌లైన్‌లో అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్‌లో డిజిటల్ అమ్మకంపై సాధారణంగా తీసుకునే 15 శాతం వాటా, చెల్లింపు రుసుము పోను మిగిలినది కళాకారుడికే చేరుతుంది కనుక, వీలైనవారు అక్కడే కొనండి.