పస్రా చేలో గుర్రపు తల కోసం

గుర్రపు తల అనే నీహారికను (అంతరిక్షంలోని వాయువు, ధూళి మేఘాన్ని) ఫోటో తీయడానికి మార్గశిర అమావాస్యకు హనుమకొండ నుంచి ములుగు మీదుగా పస్రా వైపు బయల్దేరాం. అడవి నడుమ కంటే చేనే మేలనుకున్నాను. మన దగ్గర ధ్రువనక్షత్రం 18 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, ఉత్తరాన నాలుగు టేకు చెట్లు అడ్డొచ్చినా మౌంట్‌ను, అంటే టెలిస్కోపును మోస్తూ నక్షత్రాల వెంట తిప్పే స్టాండును, దానికి సరిచూసుకోవడం కష్టం. మిత్రుడి మేనమామ మిరప చేను అటువైపు బాగా తెరిపిగా ఉంది.

రాత్రంతా ఒకే లక్ష్యం: ఓరియన్ (వేటగాడు) నక్షత్రమండలం నడుము పక్కనున్న గుర్రపు తల నీహారిక. సిగ్నల్ (అసలు వెలుగు), నాయిస్ (ఫోటోలోని గరుకు)ల నిష్పత్తి రెట్టింపు కావాలంటే మొత్తం ఎక్స్‌పోజర్, అంటే వెలుగు పట్టే సమయం, నాలుగింతలు కావాలి. ఉన్న రాత్రిని నాలుగు నీహారికలకు పంచితే దేనికీ కడుపు నిండదు. పైగా నాది మార్పులు చేయించని మామూలు కెమెరా. గుర్రపు తల వెనక మెరిసే హైడ్రోజన్ ఎరుపును, అంటే 656 నానోమీటర్ల వెలుగును, దాని ఫిల్టరే చాలావరకు ఆపేస్తుంది. ఆ లోటు గంటలతోనే పూడాలి.

లెక్క ముందే వేసుకున్నాను. 30 డిగ్రీల ఎత్తులో ఉన్నదాని వెలుగు నడినెత్తి మీద కన్నా రెట్టింపు గాలిని దాటి రావాలి, అంతకు కిందకు పోతే తీయను. ఆ హద్దుకు పైన గుర్రపు తల మనకు ఏడున్నర గంటలు దొరుకుతుంది: రాత్రి ఎనిమిది దాటాక మొదలు, తెల్లవారుజామున మూడున్నర దాటేదాకా. అర్ధరాత్రి అది దక్షిణోత్తర రేఖ (ఉత్తరం నుంచి నడినెత్తి మీదుగా దక్షిణానికి పోయే గీత) దాటుతుంది, అప్పుడు టెలిస్కోపును మౌంట్ అవతలి పక్కకు తిప్పి మళ్లీ గురి కుదర్చాలి. మంచుకు లెన్సు చెమ్మగిల్లకుండా హీటర్ పట్టీ చుట్టాను.

"ఒక్క ఫోటోకు రాత్రంత గావాల్నా బిడ్డా?" అనడిగాడు మామ, అడవిపందుల కాపలాకు మంచె ఎక్కబోతూ.

మూడు నిమిషాల ఫ్రేము ఒకటి చూపించాను. పలచని ఎరుపు మీద నల్లటి మరక, అంతే. గంటయ్యాక ఇరవై ఫ్రేములు కలిపి చూపిస్తే మెడ, మూతి తేలాయి. "గుర్రమే గదా!" అంటూ స్క్రీన్ ముందు చాలాసేపు కూర్చున్నాడు. ఆ ఆశ్చర్యం నాకెంతో ఇష్టం. ఈ గుర్రం మనుషులకు మొదట దొరికిందే ఫోటోలో: 1888లో హార్వర్డ్‌లో విలియమీనా ఫ్లెమింగ్ గాజు ప్లేటు మీద గుర్తించారు.

తెల్లారేసరికి ఆరు గంటల వెలుగు చేతికొచ్చింది. చుట్టూ ఉన్న పలచని ధూళి ఇంకా గరుకుగానే ఉంది, దానికి ఇరవై నాలుగు గంటలైనా కావాలి. పుష్య అమావాస్యకూ దాదాపు ఇంతే సమయం దొరుకుతుంది. మాఘానికి మాత్రం చీకటి పడగానే మొదలుపెట్టి అర్ధరాత్రిలోపే ముగించాలి. ఆ రెండు రాత్రులకూ చేను అడిగి పెట్టుకున్నాను.