ఒక్క అక్షరం ఎగిరిపోతే ఒక మధ్యాహ్నం పోయింది

మొన్న శనివారం మా తమ్ముడు వచ్చేసరికి నేను చేస్తున్న చిప్ డిజైన్ వేవ్‌ఫామ్ (సిగ్నళ్ళు ఎలా మారాయో చూపే గ్రాఫ్) ముందు తల పట్టుకుని ఉన్నాను. ఒక బ్లాక్ నుంచి 32 బిట్లు బయల్దేరుతున్నాయి, పక్క బ్లాక్‌కి ఒక్క బిట్టే చేరుతోంది, మిగతా 31 జెడ్, అంటే ఏ సిగ్నలూ తగలక గాల్లో వేలాడుతున్నట్టు. గంటల తరబడి వెతికితే తేలిందేంటంటే, వైర్ పేరులో డేటా అని ఉండాల్సిన చోట ఒక అక్షరం ఎగిరిపోయింది, పైగా అదే లైన్ కాపీ చేసి రెండో బ్లాక్‌కీ తగిలించాను.

"అదేంటన్నా, స్పెల్లింగ్ తప్పైతే ఎర్రర్ రాదా?" అన్నాడు. వాడు వెబ్ డెవలపర్, ఎడిటర్ టైప్ చేస్తుండగానే ఎర్ర గీత గీస్తుంది వాడికి.

రాదు. వెరిలాగ్‌లో, అంటే మేం చిప్‌ని వర్ణించి రాసే భాషలో, ముందుగా డిక్లేర్ చెయ్యని పేరు పోర్ట్ దగ్గర (బ్లాక్‌కి వైరు తగిలించే చోట) కనబడితే, అడక్కుండానే ఒక బిట్ వైర్ పుట్టుకొస్తుంది. వార్నింగ్ వచ్చింది లెండి, వేల వార్నింగుల మధ్య. దీన్ని ఆపడానికి డీఫాల్ట్ నెట్‌టైప్ నన్ అని ఫైల్ మొదట్లో ఒక లైన్ పెడితే చాలు, కానీ అది పెడితే మాకు వారసత్వంగా వచ్చిన పాత కోడ్ సగం కంపైల్ అవ్వదు, అందుకని మా టీంలో దాని జోలికి ఎవరూ పోరు. 1984 నాటి భాష మరి.

సాఫ్ట్‌వేర్ వాళ్ళ టూల్స్ అంత బాగుంటే మా చిప్ టూల్స్ ఎందుకిలా ఉన్నాయంటే, నాకు తోచిన మొదటి కారణం ఇది. కంపైలర్ రాసేవాడు రోజంతా వాడేదీ కంపైలరే, చిరాకు పుడితే ఆ రాత్రే కూర్చుని బాగుచేసుకుంటాడు. జీసీసీ అనే కంపైలర్ 1987 నుంచీ సోర్స్‌తో సహా అందరి చేతుల్లో ఉంది. మా టూల్స్ రాసేవాళ్ళు సీ ప్లస్ ప్లస్‌లో ఉంటారు, మేం వెరిలాగ్‌లో ఉంటాం, మధ్యలో సేల్స్ వాళ్ళు, సపోర్ట్ టికెట్లు. సినాప్సిస్, కేడెన్స్, 2017లో మెంటర్ అనే టూల్ కంపెనీని కొనేసిన సీమెన్స్, పెద్ద టూల్స్ దాదాపు అన్నీ ఈ ముగ్గురివే. చిప్ ఫ్యాక్టరీ ఇచ్చే తయారీ ప్రాసెస్ వివరాలు చూడాలంటే రహస్య ఒప్పందాలకి సంతకాలు పెట్టాలి కాబట్టి బయటివాడు చెయ్యి పెట్టడానికి సందే లేదు. లాటిస్ వాళ్ళ ఐస్40 ఎఫ్‌పీజీఏకి (తయారయ్యాక కూడా లోపలి సర్క్యూట్ మార్చుకోగలిగే చిప్) ఓపెన్ టూల్ కావాలంటే దానిలోకి ఎక్కించే బిట్‌స్ట్రీమ్ ఫైల్‌ని ఒక్కో బిట్టూ తవ్వి అర్థం చేసుకోవాల్సి వచ్చింది, 2015లో ఐస్‌స్టార్మ్ అనే ప్రాజెక్టు చేసింది ఆ పనే. 2020లో గూగుల్, స్కైవాటర్ కలిసి 130 నానోమీటర్ల పీడీకేని (ఫ్యాక్టరీ ప్రాసెస్ వివరాల కిట్టు) బయటపెట్టాకే చిప్ వైపు కాస్త గాలి ఆడింది.

తప్పున్న చిప్ బయటికి వెళ్ళిపోతుందేమోనన్న భయం కూడా ఉంది, అది న్యాయమైన భయమే. 1994లో పెంటియమ్ ప్రాసెసర్ భాగహారం తప్పు చేసినందుకు ఇంటెల్ 47.5 కోట్ల డాలర్లు పక్కన పెట్టాల్సి వచ్చింది. అందుకే టేపౌట్ (డిజైన్‌ని ఫ్యాక్టరీకి పంపే రోజు) దగ్గరపడుతుంటే టూల్ వెర్షన్ మారుద్దాం అన్నవాణ్ణి అందరూ పిచ్చోణ్ణి చూసినట్టు చూస్తారు.

అలాగని మావన్నీ పాత సామానూ కాదు. నేను రాసిన కోడూ, చివర్లో వచ్చిన లక్షల లాజిక్ గేట్లూ ఒకటేనని లెక్కగట్టి నిరూపించే టూల్ మాకు రోజువారీ పని, అది చెప్తే తమ్ముడు నోరెళ్ళబెట్టాడు. ఆ టూల్‌ని నడిపేది మాత్రం టీసీఎల్‌తో, 1988లో బర్క్‌లీలో పుట్టిన స్క్రిప్టు భాష అది. వాడు ఆ పేరే వినలేదట.

స్పెల్లింగ్ దిద్ది రన్ వేశాను. టూల్ లైసెన్సులు ఖాళీ లేవు, క్యూలో ఉన్నారు అని వచ్చింది. ఇద్దరం టీకి వెళ్ళాం.