పొర తీశాక అసలు పని

మా బాబుకు పుట్టుకతో వచ్చింది పోస్టీరియర్ యురేత్రల్ వాల్వ్స్. మగపిల్లలకే వచ్చే సమస్య. మూత్రాశయానికి కాస్త దిగువన, మూత్రమార్గంలో ఉండకూడని పల్చటి పొర అడ్డుపడుతుంది. లోపల ఒత్తిడి పెరిగి మూత్రాశయం గోడ మందమవుతుంది, రెండు కిడ్నీలూ ఉబ్బుతాయి. అయిదో నెల స్కాన్‌లో ఆ ఉబ్బు కనబడింది. ఆ తర్వాత ప్రతి స్కాన్‌లోనూ డాక్టర్లు ముందు ఉమ్మనీరే చూసేవారు. నాలుగో నెల దాటాక ఉమ్మనీరు చాలామటుకు బిడ్డ మూత్రమే. అది బాగా తగ్గిపోతే ఊపిరితిత్తులు ఎదగవు, పుట్టగానే ప్రాణం మీదికొచ్చేది వాటివల్లే. మా బాబుకు తగ్గింది గానీ పూర్తిగా పోలేదు.

పుట్టిన రోజే మూత్రం బయటికి తీయడానికి సన్నటి ఫీడింగ్ ట్యూబునే కాథెటర్‌గా వేశారు. కొసన బుడగ ఉండే ఫోలీ కాథెటర్ వేస్తే, ముడుచుకున్న మూత్రాశయంలో దాని బుడగే కిడ్నీల నుంచి దిగే నాళాలను మూసేయవచ్చు. కిడ్నీలు రక్తం నుంచి వడకట్టాల్సిన వ్యర్థమే క్రియాటినిన్, అవి దెబ్బతింటే పెరుగుతుంది. మొదటి రెండు రోజుల క్రియాటినిన్‌ను బట్టి ఏమీ తేల్చుకోకూడదు. అందులో ఎక్కువ భాగం తల్లిదే.

అడ్డు తొలగగానే మూత్రం ధారాళంగా వస్తుంది. ఇంట్లోవాళ్లకు అది సంతోషం, కానీ ప్రమాదమూ అక్కడే ఉంది. దెబ్బతిన్న కిడ్నీ నీటినీ, ఉప్పునూ, రక్తంలో ఆమ్లాన్ని అణిచే బైకార్బనేట్‌నూ పట్టి ఉంచలేదు. అందుకే మూత్రం కొలిచి, పోయినదానికి తగ్గట్టు సెలైన్ ఎక్కించారు. నిలకడ వచ్చాక, మూత్రాశయంలోకి రంగుమందు ఎక్కించి మూత్రం పోస్తుండగా తీసే ఎంసీయూ ఎక్స్‌రే తీసి, మూత్రమార్గంలోంచి పంపే కెమెరా గొట్టం సిస్టోస్కోప్‌తో పొర కోశారు.

ఆపరేషన్ అడ్డు తీస్తుందే తప్ప, కడుపులో ఉండగానే పాడైన కిడ్నీని బాగుచేయదు. నెలలు నిండి పుట్టిన బిడ్డకు ఆపైన కొత్త నెఫ్రాన్లు, అంటే కిడ్నీలో రక్తాన్ని వడకట్టే సూక్ష్మ భాగాలు, రావు. ఉన్నవి ఎలా పనిచేస్తున్నాయో రక్తపరీక్షతో పాటు తూకమూ చెబుతుంది. తొలి మూడు నెలల్లో రోజుకు 20–30 గ్రాములు పెరగాలి. మా బాబు పాలు బాగానే తాగుతున్నా, వాంతులూ జ్వరమూ లేకపోయినా, బరువు నిలిచిపోయింది. పరీక్షిస్తే రక్తంలో ఆమ్లం పెరిగి, సోడియం తగ్గి ఉంది. పాలు తక్కువయ్యాయని తల్లిని నిందించే ముందు ఈ రెండూ చూడాలి. డాక్టరు బరువును బట్టి లెక్కకట్టిన సోడియం బైకార్బనేట్, ఉప్పు మందు మొదలయ్యాక తూకం కదిలింది. ఆ ఉప్పును ఇంట్లో అంచనాగా కలిపితే ప్రాణాపాయం.

38 డిగ్రీల సెల్సియస్ జ్వరం వస్తే, అది మూత్రంలో ఇన్ఫెక్షన్ కావచ్చు గనుక, తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికే. క్రిములను పెంచి గుర్తించే కల్చర్‌కు మూత్రం కాథెటర్‌తో తీయాలి. అంటించే సంచిలో చర్మం మీది క్రిములు కలిసి తప్పుదారి పట్టిస్తాయి. జ్వరానికి ఐబుప్రొఫెన్ కిడ్నీకి కీడు, మాకు పారాసిటమాల్ మాత్రమే రాసిచ్చారు.

ఏడాది నిండేనాటికి క్రియాటినిన్ డెసీలీటరుకు 0.6 మిల్లీగ్రాములకు దిగింది. మొదటి ఏడాదిలో 0.8 కన్నా తగ్గితే కిడ్నీలు నిలబడే అవకాశం బాగుంటుంది. తూకం, పొడవు, తల చుట్టుకొలత మూడూ గ్రోత్ చార్ట్‌లో తమ గీత పట్టుకున్నాయి. మూత్రాశయం మాత్రం ఇంకా మందంగానే ఉంది. అది పూర్తిగా ఖాళీ కాకపోతే ఆ ఒత్తిడి మళ్లీ కిడ్నీల మీదికే వస్తుంది. అందుకే ప్రతి స్కాన్‌లో మూత్రం పోశాక ఎంత మిగిలిందో కొలిపిస్తున్నాం, బీపీ, మూత్రంలో ప్రొటీన్ చూపిస్తున్నాం.